ఆ రాత్రి ఫోను ఎత్తేదెవరు?

మదనపల్లెలో బస్సెక్కితే చింతామణి మీదుగా బెంగుళూరు మూడు గంటల పైచిలుకు ప్రయాణం. తిరుపతి కూడా ఇంచుమించు అంతే. పుంగనూరువాళ్లు పలమనేరు చేరుకుని ములబాగలు, కోలారు మీదుగా పోతారు. కుప్పంవాళ్లకు రైలుంది, రెండు గంటలు ఓపిక పడితే చాలు. పెద్ద జబ్బంటే అందరికీ రాయవేలూరు ఉండనే ఉంది. వందేళ్ల కిందట ప్రయాణం ఇటువైపు సాగేది. 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం తెరిచాక ఎక్కడెక్కడి రోగులో ఇక్కడి గాలి కోసం వచ్చారు. ఇప్పుడు మనం పోతున్నాం. వంకర ముక్కు సరిచేయించుకోవాలన్నా, కాలిన చెంప బాగుచేయించుకోవాలన్నా, కళ్ల మీదికి జారిన రెప్పల చర్మం తీయించుకోవాలన్నా పట్టాల్సింది ఈ దారులే.

పోయే దారి గురించి అందరూ వాకబు చేస్తారు. తిరిగొచ్చాక ఏమిటన్నది ఎవరూ అడగరు. ఆపరేషన్ శనివారం మధ్యాహ్నం బెంగుళూరులో అవుతుంది. ఆ రాత్రికో మర్నాటికో ఇల్లు చేరతారు. చెంప ఒక్కవైపే ఉబ్బి సలపరం మొదలయ్యేది మాత్రం పుంగనూరులో, అర్ధరాత్రి. ముఖానికి సర్జన్ని వెతుక్కునేటప్పుడు మన ప్రాంతంవాళ్లు మొదట ఆలోచించాల్సింది ఆ అర్ధరాత్రి గురించేనని నా అభిప్రాయం. ఫీజులు, ఫొటోలు, ఫ్లెక్సీలు, రీల్సు అన్నీ ఆ తర్వాతే.

ముఖానికి ఆపరేషన్ అనగానే ఇంట్లో పెద్దవాళ్లు "ఉన్న మొహానికేమొచ్చింది, సోకు కాకపోతే" అంటారు. అనడం తేలిక. రాయవేలూరు సీఎంసీలో పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1940ల చివర్లో కుష్ఠురోగుల చేతులు బాగుచేయడం మొదలుపెట్టాడు. ముడుచుకుపోయిన వేళ్లకు పట్టు తెప్పించాడు. జబ్బు నయమైంది, చెయ్యి పనిచేస్తోంది, అయినా ఊళ్లో పని దొరికేది కాదు వాళ్లకు. కుష్ఠు కనుబొమలు రాల్చేస్తుంది, ముక్కుదూలాన్ని కూలదోస్తుంది. ముఖం చూడగానే జనం గుర్తుపట్టేవాళ్లు. దాంతో అక్కడి సర్జన్లు వెంట్రుకలున్న తలచర్మాన్ని రక్తనాళంతో సహా కనుబొమ చోటికి తెచ్చి అతికించారు, కూలిన ముక్కుల్ని నిలబెట్టారు. దీన్ని సోకు అనడానికి నోరు రాదు.

ప్రభుత్వం కూడా అవసరానికీ అందానికీ మధ్య ఒక గీత గీసింది, పన్ను కోసం. వైద్యసేవలకు జీఎస్టీ లేదు గానీ అందం కోసం చేయించుకునే సర్జరీకి 18 శాతం ఉంది. పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదలలో వచ్చిన తేడా, గాయం వల్ల చెడిన రూపం సరిచేస్తే మాత్రం పన్ను పడదు. బైకు మీంచి పడి చితికిన దవడ, నూనె పడి కాలిన చెంప, గ్రహణమొర్రి ఈ కోవలోకే వస్తాయి కాబట్టి బిల్లు చేతికొచ్చినప్పుడు ఆ వరుస ఒకసారి చూసుకోండి. గ్రహణమొర్రికైతే బెంగుళూరు దాకా పోనక్కర్లేదు, తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో చేస్తున్నారు. గ్రహణం రోజు తల్లి కూరగాయలు తరిగినందువల్ల అది రాదని వేరే చెప్పాలా?

ఇక కత్తి పడే చోటు సంగతి. అరచేతిని చెంపకు ఆనించి, మణికట్టు చెవి దగ్గర పెట్టి, వేళ్లను కణత నుంచి మెడ దాకా విప్పండి. ముఖ కండరాలను కదిలించే నరం దాదాపు అట్లానే పరుచుకుని ఉంటుంది. చెవి కింద పుర్రెలో ఉన్న చిన్న రంధ్రంలోంచి బయటపడి, గవదబిళ్లలొచ్చినప్పుడు వాచే లాలాజల గ్రంథిలోకి దూరి, అక్కడ ఐదు శాఖలవుతుంది. నుదుటికి పోయే శాఖ చెంప ఎముకను దాటేచోట చర్మానికి మరీ దగ్గరగా ఉంటుంది. అది తెగితే ఆ పక్క కనుబొమ లేవదు. దవడ అంచు వెంట పోయేది తెగితే కింది పెదవి ఒకవైపు కిందికి దిగదు, నవ్వితే మూతి వంకరపోతుంది. వయసు ముడతలు తీసే ఫేస్‌లిఫ్టులో సర్జన్ కత్తెర ఏ పొరలో నడుస్తోందన్నదే అసలు విద్య. మరీ పైపొరలో నడిస్తే చర్మానికి రక్తం అందక నల్లబడి చస్తుంది. లోతు తప్పితే నరం పోతుంది. రెండు పొరల మధ్య తేడా మిల్లీమీటర్లలో ఉంటుంది.

రక్తనాళాల దారి ఇంకా చిత్రమైనది. పళ్లు గట్టిగా బిగించి, దవడ కింది అంచున, కండ ఉబ్బే చోటికి కాస్త ముందు వేలు పెట్టి చూడండి. అక్కడ కొట్టుకునేది ముఖధమని. అక్కణ్ణించి అది మూతి పక్కగా, ముక్కు పక్కగా మెలికలు తిరుగుతూ కంటి లోపలి మూలకు చేరి, కనుగుంటలోంచి బయటికి వచ్చే సన్నటి ధమనులతో కలుస్తుంది. ముక్కుదూలం ఎత్తుగా కనబడాలనో, నవ్వుగీత పూడాలనో చర్మం కింద నింపే ఫిల్లరు వేస్తున్నప్పుడు సూదిమొన ధమనిలోకి దిగి, సిరంజిని గట్టిగా నొక్కితే ఆ మందు రక్తానికి ఎదురెక్కి కంటి ధమనిని మూసేయగలదు. అరుదే, కానీ ప్రపంచమంతటా జరిగిన దాఖలాలున్నాయి. రక్తం ఆగిపోతే రెటీనా తట్టుకునేది గంట, మహా అయితే గంటన్నర. కుప్పం రైలు బెంగుళూరు చేరేలోపే ఆ గడువు తీరిపోతుంది.

ఎక్కువ ఫిల్లర్లలో ఉండేది హయలురోనిక్ ఆమ్లం. దాన్ని కరిగించే మందు ఉంది, పేరు హయలురోనిడేజ్. చర్మానికి రక్తం ఆగినప్పుడు వెంటనే వేస్తే బాగా పనిచేస్తుంది, కంటి విషయంలో అంత భరోసా లేదు. ఫిల్లరు వేసే ప్రతి చోటా ఆ మందు సిద్ధంగా ఉండాలి. ఉందా అని అడగండి. "అట్లాంటివి మా దగ్గర జరగవమ్మా" అని జవాబొస్తే చెప్పులేసుకుని బయటికి రండి. కత్తి లేదు కదా, ఉత్త సూదే కదా అని బ్యూటీపార్లర్లో వేయించుకునేవాళ్లకు ఏం చెప్పాలో నాకు తోచదు.

ఇంత ఇరుకు చోట పనిచేసే చెయ్యి ఎక్కడ నేర్చుకుని ఉండాలి? మన దేశంలో ప్లాస్టిక్ సర్జన్ కావాలంటే సాధారణంగా ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎంఎస్ జనరల్ సర్జరీ మూడేళ్లు, దాని మీద ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ, ఆ స్థాయి బోర్డు పరీక్ష గానీ మరో మూడేళ్లు. పన్నెండేళ్లకు కాస్త తక్కువ. ముఖం వాళ్ల సొంతం మాత్రమే కాదు. ముక్కు ఆకారం సరిచేయడంలో చెయ్యి తిరిగిన ఈఎన్‌టీ సర్జన్లున్నారు. రెప్పల పని ప్రత్యేకంగా నేర్చిన కంటి డాక్టర్లున్నారు. దవడ ఎముక కోసి సరిచేయడం ఎండీఎస్ చదివిన మాక్సిలోఫేషియల్ సర్జన్ల పని. బొటాక్స్, ఫిల్లర్లు, లేజర్లు చర్మవైద్యులూ చేస్తారు. ఎవరి హద్దు ఎక్కడిదాకా అని ఈ శాఖలు తమలో తాము తగాదా పడుతూనే ఉన్నాయి. అది వాళ్ల గొడవ. మనం చూసుకోవాల్సింది ఒకటే: మన పని ముఖంలో ఏ భాగానిది, ఈ డాక్టరు చదువు ఆ భాగానిదేనా?

ఫ్లెక్సీల మీద మెరిసే "కాస్మెటిక్ సర్జన్", "కాస్మొటాలజిస్ట్" అన్నవి జాతీయ వైద్య కమిషన్ గుర్తించిన స్పెషాలిటీ డిగ్రీలు కావు. పేరు పక్కన ఆరేడు పొట్టి అక్షరాల గుంపులుంటే సగం వారాంతపు కోర్సులవి కావచ్చు. 2022 సెప్టెంబరులో ఆ కమిషన్ సౌందర్య చికిత్సల మీదా, జుట్టు మార్పిడి మీదా ఒక మార్గదర్శకం ఇచ్చింది. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని అందులో ఉంది. ఒక జాతీయ సంస్థ ఆ ముక్క కాగితం మీద పెట్టాల్సి వచ్చిందంటే బయట ఏం నడుస్తోందో ఊహించుకోవచ్చు.

పరీక్షించడం కష్టమేమీ కాదు. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు మందుల చీటీ మీద ఉండి తీరాలి. ఏ రాష్ట్రం మెడికల్ కౌన్సిల్లో నమోదైతే ఆ కౌన్సిల్ వెబ్‌సైట్లో చూడొచ్చు. ఎంబీబీఎస్ ఒక్కటే కనబడి, పై చదువు నమోదు కాకపోతే ఎందుకని అడగాలి. డాక్టరుది ఒక ఎత్తు, గదిది ఒక ఎత్తు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రులకు 2002 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, కర్ణాటకలో 2007 చట్టం కింద. సరైన డాక్టరే సరిగాలేని గదిలో ఆపరేషన్ చేయొచ్చు, అది మరీ ప్రమాదం. ఎందుకంటే డిగ్రీ చూసి మనం నిశ్చింతగా పడుకుంటాం.

మన పల్లెల్లో సర్జన్ని ఎంచేది చాలాసార్లు రోగి కాదు, ఆరెంపీ. జ్వరానికి సూదేసే అన్నే "నాకు తెలిసినాయన ఉన్నాడు బెంగుళూరులో, నేను మాట్లాడతాలే" అంటాడు. కొందరు నిజంగా మంచి చోటికే పంపుతారు. కొందరికి పంపిన తలకింత ముడుతుంది. ఆయన్ని శత్రువుని చేసుకోనక్కర్లేదు. ఆయన చెప్పిన పేరుకూ రిజిస్ట్రేషన్ నంబరు చూసుకుంటే సరి. "ప్రతి రెండో శనివారం మన ఊళ్లో" అని కరపత్రాలు పంచే విజిటింగ్ సర్జన్ల విషయంలో అడగాల్సింది ఇంకోటి ఉంది. ఆయన శనివారం కోసి సాయంత్రం కారెక్కితే, ఆదివారం కట్టు విప్పేదెవరు?

డిగ్రీ లేని చేతులు ఘనకార్యాలు చేసిన కథ ఒకటుంది, అది మన పొరుగు యుద్ధానిదే. మూడో మైసూరు యుద్ధం 1790 నుంచి 1792 దాకా సాగింది. మదనపల్లెకు అట్టే దూరంలో లేని గుర్రంకొండ కోట అప్పట్లో టిప్పు సుల్తాన్‌ది. 1791లో దాన్ని నిజాం సేనలు ముట్టడించాయి. ఆ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ల ఎద్దులు తోలే కోవాస్జీ అనే అతను టిప్పు మనుషులకు చిక్కాడు. ముక్కూ, ఒక చెయ్యీ కోసి వదిలేశారు. ఏడాదిపాటు ముక్కు లేకుండా బతికాక పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకతను మైనంతో ముక్కు కొలత తీసి, ఆ కొలతకు నుదుటి చర్మం కోసి, కనుబొమల మధ్య ఒక కొస తెంచకుండా కిందికి తిప్పి కొత్త ముక్కు కట్టాడు. ఆ కొసలోంచే చర్మానికి రక్తం అందుతుంది. ఇద్దరు ఇంగ్లీషు డాక్టర్లు కళ్లారా చూశారు. 1794 అక్టోబరులో లండన్ పత్రిక జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో బొమ్మతో సహా అచ్చయింది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ అనే లండన్ సర్జన్ వెంటనే కత్తి పట్టలేదు. శవాల మీద సాధన చేశాడు. బతికున్న మనిషికి చేసింది 1814లో.

పూనా మనిషికి ఏ కౌన్సిల్ నంబరూ లేదు, నిజమే. ఆయన చేతుల్లో చెడిన ముక్కులెన్నో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. అది తరతరాలుగా చేతినుంచి చేతికి వచ్చిన విద్య, పక్కన కూర్చుని ఏళ్లతరబడి చూసి నేర్చింది. ఎంసీహెచ్ మూడేళ్లలో జరిగేదీ అదే. కుర్రసర్జన్ కోస్తుంటే పెద్ద సర్జన్ ఎదురుగా నిలబడి చూస్తాడు. డిగ్రీ కాగితం ఇచ్చే హామీ అంతవరకే: ఈయన కోస్తున్నప్పుడు తెలిసినవాళ్లెవరో పక్కన ఉన్నారు. వారాంతపు కోర్సు ఆ హామీ ఇవ్వలేదు.

వార్తల్లోకెక్కిన మరణాలు చూస్తే కత్తి తప్పడం కంటే ఇంకేదో కనబడుతుంది. 2022 మేలో బెంగుళూరులో 21 ఏళ్ల కన్నడ టీవీ నటి కొవ్వు తీయించుకోవడానికి చేరి అదే రోజు చనిపోయింది. అత్యవసర చికిత్సకు ఆ చోట సదుపాయాల్లేవని ఇంట్లోవాళ్లు ఆరోపించారు. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఒక డెంటల్ క్లినిక్‌లో, నవ్వు అందంగా ఉండేందుకు చేసే "స్మైల్ డిజైనింగ్" కోసం పోయిన 28 ఏళ్ల యువకుడు తిరిగి రాలేదు. అప్పుడప్పుడే పెళ్లి కుదిరింది. మత్తుమందు ఎక్కువైందని తండ్రి ఫిర్యాదు చేశాడు. తప్పెవరిదో కోర్టులు తేల్చాలి. నన్ను ఆపింది వేరే సంగతి: రెండుచోట్లా అమ్మానాన్నలకు ముందు చెప్పలేదు. సోకు అంటారన్న భయంతో పిల్లలు దాస్తారు. ఇంట్లోవాళ్లెవరూ తోడు లేకుండా బల్ల ఎక్కుతారు. ఆ "ఉన్న మొహానికేమొచ్చింది" అన్న మాట ఎంత దూరం పోతుందో చూడండి.

మత్తు అన్నాక లెక్క ఉంటుంది. చర్మాన్ని మొద్దుబార్చే లిగ్నోకెయిన్ మందు, అడ్రినలిన్ కలపకపోతే, కిలో బరువుకు 4.5 మిల్లీగ్రాములు మించకూడదు. 50 కిలోల అమ్మాయికి అది 225 మిల్లీగ్రాములు, అంటే 2 శాతం మందైతే 11 మిల్లీలీటర్లకు కాస్త పైన. మించితే మూతి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, ఆపై ఫిట్స్, గుండె ఆగడం. ముఖమంతా ఒకే రోజు చేసేస్తామనే చోట ఈ లెక్క ఎవరు కడుతున్నారో తెలుసుకోవాలి. ఆపరేషన్ చేసే మనిషీ, మత్తు చూసుకునే మనిషీ ఒకరే అయితే కట్టేవాళ్లు లేరని అర్థం.

డాక్టరు గదిలో ఏం జరగాలో చూద్దాం. పుంగనూరు నుంచి ఒక తల్లీకూతురూ పోయారనుకోండి, ముక్కు కోసం. మంచి సర్జన్ ముందు ముక్కు చూడడు. "చెవులు కుట్టించినప్పుడు గడ్డ లేచిందామ్మా?" అని అడుగుతాడు. మన ఇళ్లలో ఆడపిల్లలందరికీ చెవులు కుట్టిస్తాం కాబట్టి ఇది డబ్బు ఖర్చులేని పరీక్ష. కుట్టిన చోట కందలా గడ్డ లేచే చర్మమైతే కోసిన గీత దగ్గరా అట్లానే లేవొచ్చు. దాన్ని కెలాయిడ్ అంటారు, చామనఛాయ చర్మంలో ఎక్కువ. తర్వాత షుగరు, బీపీ, వాడే మందులు. మగవాళ్లయితే బీడీ సిగరెట్టు, ఎందుకంటే పొగ చర్మంలోని సన్ననాళాల్ని ముడిచేస్తుంది, కొన్ని వారాల ముందే మానాలి. ఆ తర్వాత అద్దం చేతికిచ్చి "ఏది నచ్చలేదు, చూపించు" అంటాడు. వేలు పెట్టి చూపించలేక, మొత్తం ముఖమే బాలేదని ఏడ్చే అమ్మాయికి ఆయన కత్తి పట్టకుండా మానసిక వైద్యుడి దగ్గరికి పంపితే ఆయన చేతకానివాడు కాదు, నమ్మదగినవాడు.

తల్లి వంతు వస్తుంది. "సార్, ఏమనుకోవద్దండి. ఇట్లాంటి ముక్కులు నెలకెన్ని చేస్తారు?" అని ఆమె అడగ్గలగాలి. "మత్తు డాక్టరు ఎవరు, ఆపరేషన్ అయిపోయేదాకా ఉంటారా?" "సరిగా రాకపోతే మళ్లీ చేస్తారా, దానికి డబ్బులు కట్టాల్నా?" కొన్ని ముక్కులకు రెండోసారి సరిచేత తప్పదు, ఎంత గొప్ప చేతికైనా. వాపు పూర్తిగా దిగి కొస ఆకారం తేలడానికి ఏడాది పడుతుంది. ఈ రెండూ తనంతట తను చెప్పే డాక్టరైతే సగం నమ్మకం అక్కడే కుదురుతుంది. నేను చేసినవాళ్లలో ఎవరికీ ఏమీ కాలేదనేవాడు కొద్దిమందికే చేసి ఉండాలి, లేదా అబద్ధమాడుతూ ఉండాలి.

ముందు, తర్వాత అని గోడనిండా పెట్టే ఫొటోలు నేను పట్టించుకోను. మొదటిదాంట్లో పైనుంచి లైటు, నవ్వులేని మొహం. రెండోదాంట్లో ఎదురుగా లైటు, బొట్టూ కాటుకా. లైటు మార్చితే ముడతలు సగం పోతాయి, కత్తి అక్కర్లేదు. పైగా 2002 నాటి వైద్యనీతి నియమాలు డాక్టరు సొంత డప్పు కొట్టుకుని రోగుల్ని పిలవడాన్ని ఒప్పుకోవు.

సంతకం పెట్టే కాగితం ఇంగ్లీషులోనో కన్నడంలోనో ఉంటుంది. తెలుగులో చదివి వినిపించమనండి. రోగికి అర్థమయ్యేలా చెప్పి, దేనికి ఒప్పుకున్నారో దానికే చేయాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముక్కుకని ఒప్పుకున్నాక బల్ల మీద గడ్డం కూడా దిద్దడానికి వీల్లేదు.

ఇప్పుడు ఆ రాత్రి. ఫేస్‌లిఫ్ట్ తర్వాత చర్మం కింద రక్తం చేరడమే ఎక్కువగా వచ్చే తంటా, అదీ మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. రెప్పల ఆపరేషన్ తర్వాత కంటి వెనక రక్తం చేరితే చూపు పోవచ్చు, అదీ తొలి రోజుల్లోనే. కాబట్టి ఆసుపత్రివాళ్లు పొమ్మన్నా ఆ మొదటి రాత్రి బెంగుళూరులోనే, ఆటోలో చేరుకునేంత దూరంలో గది తీసుకుని ఉండాలి. లాడ్జి ఖర్చు ఆపరేషన్ ఖర్చులో భాగమనుకోండి. రెండువైపులా సమంగా వాయడం మామూలే. ఒకవైపే ఉబ్బి బిగుసుకుపోయినా, మాత్రకు లొంగని నొప్పి వచ్చినా, చూపు మసకేసినా, ఫిల్లరు వేసిన చోట చర్మం పాలిపోయి వలలాంటి నీలిగీతలు తేలినా తెల్లారేదాకా ఆగకూడదు.

"రాత్రిపూట ఏమన్నా అయితే మేము యాడికి పోవాల?" అన్న ప్రశ్నకు రిసెప్షన్ నంబరు రాసిస్తే అది జవాబు కాదు. సొంత నంబరూ, తను లేనప్పుడు చూసే సర్జన్ పేరూ రాసిచ్చే డాక్టరు కావాలి. కుప్పంవాళ్లకు పీఈఎస్ వైద్యకళాశాల ఆసుపత్రి ఉంది, అవసరమైతే తొలి చికిత్స అక్కడే మొదలుపెట్టుకోవచ్చు. ఇంటికి బయల్దేరే ముందే డిశ్చార్జి కాగితం తీసుకోండి. ఏ ఆపరేషన్, ఎక్కడ కోశారు, లోపల ఏం పెట్టారు, ఏ మత్తు, ఏ యాంటీబయాటిక్ అన్నీ అందులో ఉండాలి. రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని ఆ 2002 వైద్యనీతి నియమాల్లోనే ఉంది. సిలికాన్ ముక్క పెట్టినా, ఫిల్లరు వేసినా డబ్బా మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కరు ఉంటుంది. అది పీకి కాగితానికి అతికించమనండి. అర్ధరాత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు మొదట అడిగేది లోపల ఏం వేశారనే. ఫిల్లరు హయలురోనిక్ ఆమ్లానిదైతే కరిగించే మందు వెతకాలి, వేరే రకమైతే ఆ మందుతో పనిలేదు. ఆ సంగతి రోగికి తెలియదు, తోడొచ్చిన తమ్ముడికీ తెలియదు, స్టిక్కరు చెబుతుంది.